తోక లేని చొక్కాలు

సెప్టెంబరు నెలంతా నేను నా దుకాణంలో ఈగలు తోలుకుంటూ కూర్చుంటాను. నాది మాంసం కొట్టు. వేటాడి తెచ్చిన జంతువుని మా ఊరివాళ్ళు నా గుమ్మంలో దింపిపోతే, తోలు తీసి, ముక్కలు కోసి, కాగితంలో చుట్టి, పైన పేరు రాసి ఇస్తాను. అక్టోబరు చివర్లో తుపాకుల వేట మొదలైందంటే నాకు తిండి తినే తీరిక కూడా ఉండదు. కానీ సెప్టెంబరు విల్లు పట్టినవాళ్ళ నెల. మా ఊరు లార్చ్ క్రీక్‌లో సగం మంది ఆ నెలలో విల్లు భుజాన వేసుకుని ఎల్క్‌ల కోసం కొండెక్కుతారు. ఎల్క్ అంటే గుర్రమంత దుప్పి. పదిమంది ఎక్కితే ఒకడు మాంసంతో దిగుతాడు. మిగతా తొమ్మిదిమంది కథలతో దిగుతారు. ఆ కథలు చెప్పుకోవడానికి మళ్ళీ నా కొట్టే కావాలి వాళ్ళకి. నా కాఫీ తాగి, నా కుర్చీలో కాళ్ళు బారజాపి, "ఇంతే దూరం బర్ట్, ఇదిగో ఆ తలుపంత దూరం" అంటారు. తలుపంత దూరంలో నిలబడ్డ ఎల్క్‌లన్నీ నిజమే అయితే మా ఊళ్ళో మనుషులు నడవడానికి చోటుండేది కాదు.

ఆ తొమ్మిదిమందిలో ఎప్పుడూ ఉండేవాడు ఎల్డన్ హౌగెన్. బడి బస్సు నడుపుతాడు. భారీ మనిషి, మెత్తని గొంతు. బస్సులో పిల్లలు ఎంత గోల చేసినా ఇంతవరకూ ఎవర్నీ కసిరి ఎరగడు. ముప్పై ఏళ్ళుగా ప్రతి సెప్టెంబరులోనూ విల్లు పట్టుకుని కొండెక్కాడు. ఒక్క ఎల్క్‌ని కూడా నా కొట్టుకి తేలేదు.

అయినా ప్రతి ఆగస్టులోనూ ఇంట్లో ఫ్రీజర్ ఖాళీ చేస్తాడు. రాబోయే మాంసానికి చోటు ఉండాలి కదా మరి! కిందటి వేసవిలో పట్టిన చేపలు, కొండమీద ఏరుకొచ్చిన హకిల్‌బెర్రీ పళ్ళు, భార్య లవోన్ చేసి దాచిన మాంసం కజ్జికాయలు, అన్నీ సంచుల్లో వేసుకుని ఇల్లిల్లూ తిరిగి పంచేస్తాడు. మా ఊళ్ళో ముసలమ్మలు దానికోసం ఎదురు చూస్తారు. ఎల్డన్‌కి గనక ఏ ఏడైనా ఎల్క్ దొరికిందంటే మరుసటి ఆగస్టుకి మన గతేం కాను అని వాళ్ళ బెంగ.

"ఖాళీ ఫ్రీజర్‌కి కరెంటు పెట్టి చల్లగాలిని దాచుకుంటున్నాం" అనేది లవోన్. "చలికాలం వచ్చాక తీసి వాడుకుంటాం."

ఆమె బడి వంటగదిలో పనిచేసేది. మాట పదును, చెయ్యి ఉదారం. నాకు తెలిసి ఎల్డన్‌ని ఆమె దెప్పినన్ని మాటలు మరే మొగుడూ పడి ఉండడు, ఆమె మీద ఎల్డన్‌కి ఉన్నంత మురిపెం మరే మొగుడికీ ఉండదు. అతను సాయంత్రాలు వంటింట్లో కూర్చుని నోట్లో రబ్బరు పీక పెట్టుకుని ఆడ ఎల్క్ పిలుపు సాధన చేసేవాడు. ఆ పిలుపుకి మగది వెతుక్కుంటూ వస్తుంది. అతనికి ఏళ్ళు గడిచినా అది గొంతు పట్టిన పిల్లికూనలాగే వచ్చేది. అంట్లు తోముకుంటూ విన్న లవోన్‌కి మాత్రం, పీక లేకుండా, ఉత్త గొంతుతోనే పట్టుబడిపోయింది. మీ... యూ అని సాగదీసి, చివర కాస్త తెంపేది. ఎల్డన్ కొట్టుగదిలో బాణాలు సర్దుకుంటూ ఉంటే భోజనానికి అలాగే పిలిచేది.

"ఒక్క మగ జంతువన్నా వస్తోంది కదా నా పిలుపుకి" అనేది నవ్వుతూ.

తుపాకి పట్టుకోరాదటయ్యా అని నేనే ఎన్నోసార్లు అన్నాను. వాళ్ళ నాన్న తుపాకి ఇంట్లో గోడకి వేలాడుతూనే ఉంది. ఎల్డన్ ఒకసారి దానికి జవాబు చెప్పాడు. "తుపాకితో అయితే లోయకి ఈవల నుంచి కొట్టెయ్యచ్చు బర్ట్. దానికి నేనున్నట్టే తెలీదు. విల్లయితే ముప్పై గజాల్లోకి పోవాలి. దాని ఊపిరి మనకి వినపడుద్ది, మన వాసన దానికి తగులుద్ది. గాలి కాస్త తిరిగిందా, అయిపోయింది. నూటికి తొంభైసార్లు అదే గెలుస్తది. అలా గెలిచే అవకాశం దానికి ఇచ్చి తీసుకున్న మాంసం ఒక్కసారి, ఒకే ఒక్కసారి, లవోన్ ముందు పెట్టాలని నాకు." అన్నాక సిగ్గుపడి కాఫీ కప్పులోకి చూశాడు.

ఎల్డన్ వాళ్ళ వేట మకాం ఊరికి దూరంగా వాగు పక్కన. గుడ్డ గుడారం, లోపల కట్టెల పొయ్యి, మడత మంచాలు. ఆ మకాంకి పెద్ద డ్యూయీ క్రాంజ్, దుంగల లారీ నడిపి మానేసినవాడు. ఆ మకాంలో ఒక ఆచారం ఉంది. బాణం వేసి గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు, అదే చొక్కా తోక, కత్తెరతో కోసేస్తారు. దానిమీద పేరూ సంవత్సరమూ రాసి గుడారం లోపలి దూలానికి మేకుతో కొడతారు. కత్తెర దూలానికే వేలాడుతూ ఉంటుంది. ఇది మావైపు వేట మకాముల్లో తాతలనాటి నుంచీ ఉన్నదే.

చిక్కేమిటంటే, అడవిలో ఎవడి దారి వాడిది. ఎవడి బాణం ఎటు పోయిందో చూసేవాడు లేడు. ఎవడి తప్పు వాడే వచ్చి చెప్పుకోవాలి. ఎల్డన్ చెప్పుకునేవాడు. గుడారంలోకి వస్తూనే ప్యాంటులోంచి చొక్కా పైకి లాగి, వెనక్కి తిరిగి నిలబడేవాడు. ఆ దూలానికి సగం మేర వేలాడేవి అతని చొక్కాలే. నీలం గళ్ళవి, ఎర్ర గళ్ళవి, పెళ్ళిరోజుకి లవోన్ కొన్న ఆకుపచ్చది. డ్యూయీ పేరుతో ఒక్క గుడ్డ కూడా లేదు. ముప్పై ఏళ్ళలో డ్యూయీకి ఒక్కసారి కూడా గురి తప్పలేదట. నాకు మాంసం కోయడమే తెలుసు, లెక్కలు తెలియవు కాబట్టి ఇంకేమీ అనను.

ఆగస్టు దాటగానే లవోన్ మంచి చొక్కాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసేది. "కొండమీదకి తోకతో పోతాడు, తోక లేకుండా వస్తాడు. వంగితే వీపంతా ఊరికి కనిపిస్తది" అనేది.

ఒక ఏడు ఎల్డన్ పొద్దున్నించీ ఒక మగ ఎల్క్ అరుపుకి బదులు అరుస్తూ, చెట్టుచాటునుంచి చెట్టుచాటుకి పాకుతూ, మధ్యాహ్నానికి దాని దగ్గరికి చేరాడు. అడ్డొచ్చిన కొమ్మ తప్పించి చూస్తే ఎదుటి పొదలో ముఖానికి మసి పూసుకుని డ్యూయీ. అతను కూడా పొద్దున్నించీ ఎల్డన్ అరుపుకే పాకుతూ వస్తున్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, చెరో దారినా దిగిపోయారట. డ్యూయీ ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఎల్డన్ సాయంత్రానికి నా కొట్టులో ఉన్నాడు.

మరొక ఏడు అతని బాణం తగిలింది కూడా. అది ఎల్డన్ జీవితంలో చెడ్డ సంవత్సరం. నెత్తురు జాడ పట్టుకుని రెండు రోజులు తిరిగాడు. వాన వచ్చి జాడ కడిగేసింది. జంతువు దొరకలేదు. కిందికి దిగి నా కొట్టుకొచ్చి, జేబులోంచి ఏడాదికి ఒక్క జంతువుకే ఇచ్చే వేట చీటీ తీసి, చంపిన జంతువుకి కట్టేముందు తేదీ దగ్గర కత్తిరిస్తాం కదా, అలా కత్తిరించేశాడు. ఇక ఆ ఏడు వేట లేనట్టే.

"దొరకలేదు కదరా, చీటీ ఎందుకు పాడు చేసుకుంటావ్?" అన్నాను. "ఎవరు చూశారు?"

"నాకు దొరకలేదంతే బర్ట్" అన్నాడు. "చచ్చింది మాత్రం నిజం."

ఆ చలికాలం అతను ఒక్క కథ కూడా చెప్పలేదు. అతని కథలు లేకపోతే నా కాఫీ నాకే రుచించలేదు.

రెండేళ్ళ కిందట ఎల్డన్ కుడి భుజం చెడింది. బస్సు తలుపు మీటని ఏళ్ళ తరబడి లాగీ లాగీ అరిగిపోయిందని లవోన్ వాదన. డాక్టరు చూసి చలికాలంలో కోసి కుట్టాలన్నాడు, ఆ తర్వాత విల్లు లాగడం కుదరదని ఖాయంగా చెప్పాడు. అంటే ఎల్డన్‌కి మిగిలింది ఒక్క సెప్టెంబరు.

ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది. ఆ ఆగస్టులో అతను పళ్ళ సంచులు పంచుతుంటే ముసలమ్మలు సంచి అందుకుని, "ఈసారి దొరకాలి నాయనా" అన్నారు. తమ నోటి దగ్గర కూడు పోతుందని తెలిసీ అన్నారు.

అప్పుడే లవోన్ తనూ కొండెక్కుతానంది. పిలిచేవాళ్ళు ఒకరు వెనక ఉంటే మగది పిలుపు వైపే చూస్తూ వస్తుంది, ముందు దాక్కున్నవాడిని గమనించదు. పిలుపు ఆమె గొంతులో ఉంది. డ్యూయీ గునిశాడు.

"ఇది మగాళ్ళ మకాం లవోన్. మేం స్నానాలవీ చెయ్యం."

"ఆ సంగతి ఊరందరికీ తెలుసులే" అంది ఆమె. "నేను మీ అందం చూడ్డానికి రావట్లేదు. పిలిచి పోతాను." వస్తూ వస్తూ హకిల్‌బెర్రీ పళ్ళు కూరి కాల్చిన తీపి రొట్టెలు రెండు పళ్ళేలు తెచ్చింది. డ్యూయీ మూడు ముక్కలు తిని, తన మంచం పొయ్యి దగ్గర్నుంచి జరిపి ఆమెకి చోటిచ్చాడు.

చివరి శనివారం నేను సాసేజీలు పట్టుకుని మకాంకి వెళ్ళాను. ఏటా ఒకసారి వెళ్తాను. వేట నాకు చేతకాదు, చలిలో గంటల తరబడి కదలకుండా కూర్చోవడం నా వల్ల కాదు. పొద్దు వాలుతుండగా ఎల్డనూ లవోనూ వచ్చారు. లవోన్ ముఖం చూస్తేనే ఏదో జరిగిందని తెలిసింది.

తర్వాత ఆమే చెప్పింది. "నేను పిలిచా బర్ట్. రెండోసారి పిలిచేసరికి పైనుంచి అరుపు. చెట్లు విరుచుకుంటూ దిగొచ్చింది. ఆ కొమ్ములు... నేనెప్పుడూ చూళ్ళేదు అంత దగ్గర. ఎల్డన్ పక్కనుంచే వచ్చింది, నీకూ నాకూ ఉన్నంత దూరం. నావైపే చూస్తోంది. ఈయన విల్లు లాగాడు. సగం దాకా వచ్చింది, చెయ్యి ఆగిపోయింది. దించి మళ్ళీ లాగాడు. మళ్ళీ ఆగిపోయింది. నేను చూస్తూనే ఉన్నా. మూడోసారి పళ్ళు బిగబట్టి లాగాడయ్యా, చెంపలమ్మట నీళ్ళు కారిపోయాయి. రాలేదు. విల్లు దించేశాడు. అది కాసేపు అక్కడే నిలబడి, చూసి, పోయింది. పరిగెత్తను కూడా లేదు, నడుచుకుంటూ పోయింది."

ఎల్డన్ గుడారంలోకి వచ్చి దూలానికున్న కత్తెర తీశాడు. డ్యూయీ చేతిలో పెట్టాడు. ప్యాంటులోంచి చొక్కా పైకి లాగి వెనక్కి తిరిగాడు.

"బాణం వదిలావా?" అన్నాడు డ్యూయీ.

"లేదు."

"అయితే కోసేది లేదు. వదలని బాణం గురి ఎలా తప్పుద్దిరా?"

"కొయ్యి డ్యూయీ."

"రూలు రూలేరా ఎల్డన్. నేను పెట్టిందా? మా తాత పెట్టాడు."

డ్యూయీకి ఆ సమయంలో రూలు గుర్తుకొచ్చినందుకు నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ అతని ముఖం చూస్తే అర్థమైంది, దయతోనే అంటున్నాడు, దయ చూపించడం చేతకాని మనిషి. ఎల్డన్ చొక్కా మళ్ళీ ప్యాంటులోకి దోపుకుని మంచం మీద కూర్చున్నాడు. "చివరికి తోక కూడా దక్కలేదు నాకు" అన్నాడు మెల్లిగా. లవోన్ వెళ్ళి అతని పక్కన కూర్చుని, బాగున్న భుజం మీద తల ఆనించింది. నేను సాసేజీలు పొయ్యిమీద వేసే నెపంతో అటు తిరిగాను. నా కళ్ళు పొగకి మండలేదు, నిజం చెప్పాలంటే ఏడ్చాను.

చలికాలంలో భుజం కోసి కుట్టారు. వసంతానికల్లా ఎల్డన్ మళ్ళీ బస్సెక్కాడు గానీ, అదివరకటి మనిషి కాడు. నా కొట్టుకి వచ్చేవాడు, కాఫీ తాగేవాడు, వాతావరణం గురించి మాట్లాడి వెళ్ళిపోయేవాడు. "ముప్పై ఏళ్ళు అడవిలో ఏం వెతికానో ఏమో, ఇంటికి తెచ్చింది ఏమీ లేదు బర్ట్" అన్నాడొకసారి. నేను ఏదో సర్దిచెప్పబోయాను. నా మాటలు నాకే అతకలేదు.

ఆగస్టు వచ్చింది. ఈసారి పళ్ళ సంచి రాదని ముసలమ్మలతో పాటు నేనూ అనుకున్నాను. ఒకరోజు ఫోను మోగింది. "వచ్చి నీ చేపలు పట్టుకుపో" అన్నాడు ఎల్డన్. "ఫ్రీజర్ ఖాళీ చెయ్యాలి."

"ఎందుకురా?"

"వచ్చాక చూద్దువుగాని."

వెళ్ళి చూస్తే పెరట్లో లవోన్. చేతిలో తేలిక రకం విల్లు. ఎదురుగా గడ్డిమోపు, దానికి కాగితం పళ్ళెం. ఎల్డన్ బోర్లించిన బకెట్ మీద కూర్చుని పెత్తనం చేస్తున్నాడు.

"మోచెయ్యి దించకు."

"దించలేదు."

"దించావు."

"దించానో లేదో బాణం చెప్తది, నువ్వు నోరు మూసుకో" అని వదిలింది. పళ్ళెం మధ్యలో దిగింది. ఎల్డన్ నావైపు చూసిన చూపు చెప్పలేను. బిడ్డ మొదటి అడుగు వేసినప్పుడు తండ్రులు అలా చూస్తారు.

కొత్తగా విల్లు పట్టేవాళ్ళు మావైపు ముందు వేట పాఠాలకి కూర్చోవాలి. లవోన్ ఎల్డన్ బస్సులో పోయే పిల్లల మధ్య, వాళ్ళ చిన్న కుర్చీలో ఇరుక్కుని, ఆ పాఠాలు విన్నది. ఆమె ప్రశ్నలు అడిగి మాస్టారి తల తినేస్తోందని పిల్లలు రోజూ బస్సులో ఎల్డన్‌కి చాడీలు చెప్పేవాళ్ళు. పరీక్ష పాసయ్యాక వాళ్ళే చప్పట్లు కొట్టారు.

సెప్టెంబరులో ఇద్దరూ కొండెక్కారు. ఈసారి విల్లు లవోన్‌ది, పిలుపు ఎల్డన్‌ది. ఎల్డన్ పిలుపుకి ఏ జంతువు వస్తుందిలే అని నేను లోలోపల అనుకున్నాను. కానీ రోజూ సాయంత్రం కొట్టు మూసేముందు రోడ్డు చివరిదాకా చూసేవాణ్ణి.

ఒక ఆదివారం వాళ్ళ ట్రక్కు నా గుమ్మంలో ఆగింది. ముందు ఎల్డన్ దిగాడు. ముఖం వెలిగిపోతోంది. ఆ ముఖం చూసి నాకు అనుమానమే లేకపోయింది. "లవోన్!" అని అరిచి, గోడకున్న ఆప్రాన్ అందుకుని కట్టుకుని, పెద్ద కత్తి పట్టుకుని బయటికి పరిగెత్తాను. ట్రక్కు వెనక చూశాను. గుడారం గుడ్డ, కాఫీ కెటిలు, ఒక జత తడిసిన బూట్లు. ఇంకేమీ లేదు.

"కత్తి లోపల పెట్టు, ఎవరన్నా చూస్తే భయపడతారు" అంది లవోన్ దిగుతూ. తర్వాత వెనక్కి తిరిగింది. ఎర్ర గళ్ళ చొక్కా. తోక లేదు.

కొట్టులోకి వచ్చి కూర్చున్నాక ఎల్డన్ చెప్పాడు. "నేను చెట్ల వెనక ఉన్నా బర్ట్. పిలిచా. వచ్చింది! నా పిలుపుకి వచ్చింది, విన్నావా? నాకు అరుపు వినపడతంది గానీ ఏం కనపడట్లేదు. తర్వాత విల్లు చప్పుడు. తర్వాత గిట్టల చప్పుడు, దూరంగా. నేనింకా లేవనే లేదు, ఈవిడ చెట్లలోంచి వచ్చింది. వచ్చి, 'బాణం దాని వీపు మీదుగా పోయింది ఎల్డన్, కంగారు పడ్డా, తప్పు నాదే' అంది."

"తప్పింది కాబట్టి తప్పిందన్నా" అంది లవోన్. "దానికింత కథా?"

ఎల్డన్ ఆమెని పట్టించుకోలేదు. నావైపు వంగాడు. "నేను చూళ్ళేదురా. బాణం వదిలిందో లేదో, కొమ్మకి తగిలిందో, విల్లు జారిందో, ఏం చెప్పినా నమ్మేవాణ్ణి. ఎవరూ అడగలేదు. గుడారంలోకి పోయి తనే కత్తెర తీసుకుని డ్యూయీ ముందు నిలబడింది. డ్యూయీ తోక కోశాడు. నా చొక్కాల పక్కనే కొట్టాడు దాన్ని. నా ఆకుపచ్చ చొక్కా పక్కనే." ఆ పెద్ద చేతుల్తో కళ్ళు తుడుచుకున్నాడు. ఒక్కో కొమ్ముకి ఆరేసి చీలికలున్న ఎల్క్‌ని ట్రక్కులో వేసుకొచ్చినవాళ్ళని ఎందర్నో చూశాను నేను. అంత సంతోషం ఏ ముఖంలోనూ చూడలేదు.

లవోన్ లేచి, "ఇంకాసేపుంటే ఇద్దరూ ఏడ్చేట్టున్నారు, నేను పోతున్నా" అని బయటికి వెళ్ళిపోయింది. నేను వాళ్ళ ఫ్రీజర్ మరీ బోసిగా ఉండకూడదని పంది సాసేజీ నాలుగు పొట్లాలు చుట్టి, అలవాటుగా కలం తీసుకున్నాను. పైన లవోన్ పేరు రాశాను. ఎల్డన్ ఆ అక్షరాలు వేలితో తడిమి, మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టాడు. గాలి ఎటునుంచి వీస్తోందో, తను ఏ చెట్టు వెనక కూర్చున్నాడో, అంతా.

బయటినుంచి పిలుపు వినపడింది. మీ... యూ అని సాగి, చివర కాస్త తెగింది. ఎల్డన్ మాట మధ్యలోనే ఆపేసి, పొట్లాలు మంచి చేతికింద పెట్టుకుని, లేచి వెళ్ళిపోయాడు.